పోలండ్ విలువలు, ఐరోపా విలువలు: తగాదా అసలు దేని మీద?

2017 డిసెంబరు 20న ఐరోపా సమాఖ్య కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్ పోలండ్ మీద ఐరోపా సమాఖ్య ఒప్పందంలోని 7వ అధికరణం కింద చర్య మొదలుపెట్టింది. సమాఖ్య మౌలిక విలువలను ఒక సభ్యదేశం తీవ్రంగా ఉల్లంఘించే ప్రమాదం స్పష్టంగా కనిపించినప్పుడు వాడవలసిన ఈ అధికరణాన్ని అంతకుముందు ఏ దేశం మీదా ప్రయోగించలేదు. చివరి మెట్టు దాకా వెళితే ఆ దేశం సమాఖ్య మంత్రిమండలిలో ఓటుహక్కును సైతం కోల్పోవచ్చు. సరిగ్గా ఆ నెలలోనే ప్రధానమంత్రి పదవి చేపట్టిన మతేవుష్ మొరావియెత్స్కి ఒక కాథలిక్ టెలివిజన్ ఛానెల్‌తో మాట్లాడుతూ, ఐరోపాను మళ్ళీ క్రైస్తవం వైపు మళ్ళించాలన్న ఆకాంక్షను వ్యక్తం చేశారు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసినవారు తేలిగ్గా ఒక నిర్ణయానికి వచ్చేస్తారు: పోలండ్ ప్రజల విలువలు వేరు, మిగతా ఐరోపా విలువలు వేరు, ఆ తేడాయే ముదిరి 7వ అధికరణం దాకా వచ్చింది అని. పోలండ్ పాలకులు ఈ మాటే చెప్పారు. పశ్చిమ ఐరోపాలో వారిని విమర్శించినవారిలోనూ చాలామంది ఈ మాటనే ఇంకో వైపు నుంచి చెప్పారు.

అయితే ఆ సంవత్సరాల్లోనే జరిగిన అభిప్రాయ సేకరణల్లో, సమాఖ్యలో తమ దేశం కొనసాగాలని కోరుకున్న పోలండ్ ప్రజలు 80 శాతానికి పైగా ఉన్నారు. సభ్యత్వానికి అంత బలమైన మద్దతు పశ్చిమాన ఉన్న పాత సభ్యదేశాల్లోనే చాలాచోట్ల లేదు. విలువలు అంతగా పొసగని కూటమిలో ఉండాలని అంతమంది ఎందుకు కోరుకుంటారన్న ప్రశ్నకు పై వివరణలో జవాబు దొరకదు. జవాబు దొరకాలంటే ‘విలువలు’ అన్న ఒకే మూటలో కట్టేసిన రెండు వేర్వేరు విషయాలను విడదీసి చూడవలసి ఉంటుంది. మతం, కుటుంబం, లైంగికత, గర్భస్రావం వంటి వాటి మీద ప్రజల నైతిక అభిప్రాయాలు ఒకటి. న్యాయస్థానాలు, ఎన్నికలు, పత్రికలు, చట్టం ముందు సమానత వంటి వాటి మీద రాజ్యం చేసిన వాగ్దానాలు రెండోది. మొదటి దానిలో పోలండ్ పశ్చిమ ఐరోపా కంటే నిజంగానే భిన్నమైన దేశం, అందులో తప్పేమీ లేదు. సమాఖ్య కేంద్రమైన బ్రసెల్స్‌తో వచ్చిన తగాదా మాత్రం ప్రధానంగా రెండో దాని మీద వచ్చింది.

ఒప్పందంలో ఏముందో ముందుగా చూడాలి. 2009 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం ద్వారా ప్రస్తుత రూపం పొందిన 2వ అధికరణం, సమాఖ్య ఏ విలువల మీద నిలిచి ఉందో చెబుతుంది. మానవ గౌరవం, స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం, సమానత్వం, చట్టబద్ధ పాలన, అల్పసంఖ్యాక వర్గాల హక్కులతో సహా మానవ హక్కుల పట్ల గౌరవం అందులో ఉన్నాయి. బహుళత్వం, వివక్ష లేకపోవడం, సహనం, న్యాయం, సంఘీభావం, స్త్రీపురుష సమానత్వం ఉన్న సమాజంలో ఇవి సభ్యదేశాలన్నింటికీ ఉమ్మడివని ఆ అధికరణం అంటుంది. ఈ జాబితాలో లేనివి కూడా గమనించదగినవే. చర్చికి వెళ్ళడం గురించి గానీ మానడం గురించి గానీ అందులో ఒక్క ముక్క లేదు. వివాహం ఎవరి మధ్య జరగాలో, గర్భస్రావాన్ని ఎన్ని వారాల వరకు అనుమతించాలో కూడా లేదు. 1993 జూన్‌లో కోపెన్‌హాగన్ సమావేశం కొత్త సభ్యులకు విధించిన అర్హతల్లోనూ స్థిరమైన ప్రజాస్వామ్య సంస్థలు, చట్టబద్ధ పాలన, మానవ హక్కులు, నడిచే మార్కెట్ ఆర్థిక వ్యవస్థ వంటివే ఉన్నాయి.

ఐరోపా విలువలన్న మాటకు ఇంకొక వాడుక ఉంది, అది సామాజిక శాస్త్రవేత్తలది. 1981లో మొదలైన ఐరోపా విలువల అధ్యయనం దాదాపు తొమ్మిదేళ్ళకొకసారి దేశదేశాల ప్రజలను ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నిస్తుంది: దేవుడికి మీ జీవితంలో ఎంత ప్రాముఖ్యం ఉంది, పొరుగున ఎవరుంటే మీకు ఇష్టం ఉండదు, విడాకులు ఎంతవరకు సమర్థనీయం, సాధారణంగా మనుషులను నమ్మవచ్చునా. ఈ సమాధానాల ఆధారంగా రొనాల్డ్ ఇంగిల్‌హార్ట్, క్రిస్టియన్ వెల్జెల్ గీసిన ప్రసిద్ధ పటంలో స్వీడన్ ఒక కొసన ఉంటే పోలండ్ దానికి చాలా దూరంలో, సంప్రదాయం వైపు ఉంటుంది. మతానికి ఇచ్చే ప్రాముఖ్యంలోనూ, స్వలింగ సంబంధాల మీద అభిప్రాయంలోనూ పోలండ్‌కూ నెదర్లాండ్స్‌కూ మధ్య ఉన్న అంతరం పెద్దది. అపరిచితుల మీద నమ్మకం విషయంలోనూ అంతే. డెన్మార్క్‌లో పదిమందిలో ఏడుగురికి పైగా ‘చాలామందిని నమ్మవచ్చు’ అంటే, పోలండ్‌లో ఆ మాట అనేవారు నలుగురిలో ఒకరికి అటూ ఇటూగా ఉన్నారు.

ఈ తేడాకు కమ్యూనిస్టు గతమే కారణమని అనుకుంటే పొరపాటు. పక్కనే ఉన్న చెక్ దేశం కూడా నలభయ్యేళ్ళు అదే రకమైన పాలనలో ఉంది, ఈనాడు అది ఐరోపాలోనే మత విశ్వాసం అతి తక్కువగా ఉన్న సమాజాల్లో ఒకటి. పోలండ్‌లో మతం ఇంత బలంగా నిలవడానికి మూలాలు అంతకన్నా వెనక ఉన్నాయి. 1772, 1793, 1795 సంవత్సరాల్లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పోలండ్‌ను మూడు విడతలుగా పంచుకున్నాక, 1918 నవంబరు వరకు, అంటే 123 ఏళ్ళ పాటు, పటంలో ఆ పేరుతో స్వతంత్ర దేశం లేదు. సైన్యం, విశ్వవిద్యాలయం, కార్యాలయం అన్నీ పరాయి పాలకుల చేతిలో ఉన్న ఆ కాలంలో, పోలిష్ భాషలో ప్రార్థన జరిగే కాథలిక్ చర్చి ఒక్కటే జాతికి మిగిలిన పెద్ద సంస్థ. ప్రష్యా పాలకులది ప్రొటెస్టెంట్ మతం, రష్యా చక్రవర్తిది ఆర్థడాక్స్ మతం కనుక కాథలిక్‌గా ఉండడమే పాలకుణ్ణి ఒప్పుకోకపోవడం అయింది. 1901లో వ్జెష్న్యా అనే చిన్న పట్టణంలో మతపాఠాన్ని జర్మన్‌లో వల్లించబోమని మొండికేసిన బడిపిల్లలను ఉపాధ్యాయులు కొట్టిన ఉదంతం, వందేళ్ళు దాటినా పోలండ్ చరిత్ర పుస్తకాల్లో చెరగకుండా ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు పాలనలో అదే కథ ఇంకో రూపంలో సాగింది. 1978 అక్టోబరులో క్రాకోవ్ ఆర్చిబిషప్ కరోల్ వొయ్‌తీవా రెండవ జాన్ పాల్ పేరుతో పోప్ అయ్యారు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన స్వదేశానికి వచ్చినప్పుడు లక్షల మంది ఒకచోట చేరారు, తాము ఎందరున్నారో జనానికి తొలిసారి కళ్ళారా కనిపించింది. ఏడాది తిరిగేసరికి గ్దాన్‌స్క్‌లో లెనిన్ నౌకా నిర్మాణ కేంద్రం కార్మికులు సమ్మెకు దిగారు, దాని గేటుకు పోప్ చిత్రపటం వేలాడదీశారు. 21 కోర్కెల మీద 1980 ఆగస్టు 31న ఒప్పందంపై సంతకం చేసినప్పుడు సమ్మె నాయకుడు లెక్ వాలెసా చేతిలో ఉన్న పెద్ద కలం మీద కూడా పోప్ బొమ్మే ఉంది. ఆ సమ్మె నుంచి పుట్టిన సాలిడారిటీ సంఘంలో సుమారు కోటి మంది చేరారు. 1981 డిసెంబరులో సైనిక శాసనం విధించిన తర్వాత ఉద్యమానికి తలదాచుకునే చోటు ఇచ్చింది చర్చి ప్రాంగణాలే. సాలిడారిటీకి అండగా నిలిచిన యువ మతగురువు యెర్జీ పొపియెవుష్కోను 1984 అక్టోబరులో రహస్య పోలీసులు చంపారు.

ఫ్రాన్స్ చరిత్రతో పోలిస్తే ఈ వరుస ఎంత తలకిందులుగా ఉందో తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో ప్రజాతంత్రం చర్చితో పోరాడి గెలిచింది, 1905లో చట్టం చేసి రాజ్యాన్నీ చర్చినీ విడగొట్టింది. అక్కడ స్వేచ్ఛ అంటే మతగురువుల పెత్తనం నుంచి స్వేచ్ఛ. పోలండ్‌లో స్వేచ్ఛ కోసం జైలుకు వెళ్ళినవాడు ఆదివారం పూజకు కూడా వెళ్ళాడు. కాబట్టి బడిలో శిలువ బొమ్మ ఉండడం పారిస్‌లో ఒక అర్థాన్నీ క్రాకోవ్‌లో మరొక అర్థాన్నీ ఇవ్వడంలో వింత లేదు. దానిని వెనకబాటుగా చూసే పశ్చిమ ఐరోపా ధోరణిలో చరిత్ర పట్ల నిర్లక్ష్యం ఉంది.

ఇంత మాత్రాన పోలండ్‌కు ఉన్న సంప్రదాయం మత సంప్రదాయం ఒక్కటే అనడం కూడా సరికాదు. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఒకరినొకరు చంపుకొంటున్న 16వ శతాబ్దపు ఐరోపాలో, 1573 నాటి వార్సా సమ్మేళనం భిన్న మతస్తుల మధ్య శాంతికి చట్టబద్ధమైన హామీ ఇచ్చింది. 1791 మే 3న ఆమోదించిన రాజ్యాంగాన్ని ఐరోపాలో తొలి ఆధునిక లిఖిత రాజ్యాంగంగా చరిత్రకారులు లెక్కిస్తారు, అది ఫ్రెంచి విప్లవ రాజ్యాంగం కన్నా కొన్ని నెలలు ముందుది. 1918 నవంబరులో స్వాతంత్ర్యం వచ్చిన నెలలోనే పోలండ్ మహిళలకు ఓటుహక్కు లభించింది, ఫ్రాన్స్ మహిళలకు ఆ హక్కు 1944లోనూ స్విట్జర్లాండ్ మహిళలకు జాతీయ ఎన్నికల్లో 1971లోనూ వచ్చింది. పెద్దల మధ్య పరస్పర అంగీకారంతో జరిగే స్వలింగ సంబంధాన్ని పోలండ్ శిక్షాస్మృతి 1932లోనే నేరాల జాబితాలో చేర్చలేదు, ఇంగ్లండ్‌లో అది 1967 వరకు నేరమే. స్త్రీపురుషుల వేతనాల మధ్య అంతరం ఈనాటికీ పోలండ్‌లో సమాఖ్య సగటు కన్నా, ముఖ్యంగా జర్మనీ కన్నా, తక్కువ. సమానత్వం, సహనం అనేవి బ్రసెల్స్ నుంచి దిగుమతి అయిన సరుకులని చెప్పే పోలిష్ రాజకీయ నాయకుడు తన దేశ చరిత్రలో సగాన్ని పక్కన పెట్టి మాట్లాడుతున్నాడని అర్థం.

ఈ రెండు సంప్రదాయాలూ ఒకే వాక్యంలో కలిసి కూర్చున్న చోటు ఒకటుంది. అది 1997 నాటి పోలండ్ రాజ్యాంగ ప్రవేశిక. సత్యానికి, న్యాయానికి, మంచికి, సౌందర్యానికి మూలం దేవుడని నమ్మేవారూ, ఆ నమ్మకం లేకపోయినా అవే సార్వత్రిక విలువలను వేరే మూలాల నుంచి గ్రహించి గౌరవించేవారూ అయిన పౌరులందరూ హక్కుల్లోనూ బాధ్యతల్లోనూ సమానులని అందులో ఉంది. సాలిడారిటీ మేధావి, కమ్యూనిస్టేతర ప్రభుత్వానికి తొలి ప్రధానమంత్రి అయిన తదేవుష్ మజొవియెత్స్కి ఆ పాఠాన్ని రూపొందించారు. 2003, 2004 సంవత్సరాల్లో ఐరోపా రాజ్యాంగ ముసాయిదాలో దేవుడి ప్రస్తావన ఉండాలా వద్దా అని దేశాలు వాదించుకున్నప్పుడు, పోలండ్ తన ప్రవేశికనే నమూనాగా చూపింది. ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. చివరకు ‘సాంస్కృతిక, మత, మానవతావాద వారసత్వం’ అన్న మాటలతో సరిపెట్టారు, లిస్బన్ ఒప్పందంలో ఇప్పుడున్నవి ఆ మాటలే. భిన్నమైన మనుషులను ఒక కప్పు కిందికి తేవడంలో పోలండ్ వాక్యమే మెరుగైనదని ఒప్పుకోవాలి: దానిలో విశ్వాసికీ అవిశ్వాసికీ ఇద్దరికీ చోటుంది, ఇద్దరినీ పేరు పెట్టి పిలిచింది.

2003 జూన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 77 శాతం మంది సమాఖ్యలో చేరడానికి అనుకూలంగా ఓటు వేశారు. గ్రామీణ ప్రాంతాల్లోనూ కొందరు మతగురువుల్లోనూ భయాలు ఉన్న ఆ సమయంలో పోప్ జాన్ పాల్, లూబ్లిన్ సమాఖ్య నుంచి ఐరోపా సమాఖ్య దాకా అంటూ, 1569లో లిథువేనియాతో కలిసిన పాత చరిత్రను గుర్తు చేసి చేరికకు తన మద్దతు తెలిపారు. 2004 మే 1న పోలండ్ సభ్యదేశమైంది. మూడేళ్ళ తర్వాత లిస్బన్ ఒప్పందంపై సంతకం చేసేటప్పుడు పోలండ్ దానికి రెండు ప్రకటనలు జతచేసింది. ప్రజా నీతి, కుటుంబ చట్టం వంటి రంగాల్లో శాసనం చేసే అధికారాన్ని సమాఖ్య ప్రాథమిక హక్కుల పత్రం ఏ విధంగానూ తగ్గించదని మొదటిది చెబుతుంది. సాలిడారిటీ ఉద్యమ సంప్రదాయం దృష్ట్యా ఆ పత్రంలోని సామాజిక, కార్మిక హక్కులను పూర్తిగా గౌరవిస్తామని రెండవది చెబుతుంది.

ఈ రెండు ప్రకటనలను కలిపి చదివితే, ఎక్కడ తాను వేరుగా ఉండదలచుకుందో పోలండే స్వయంగా గీత గీసి చూపిందని తెలుస్తుంది. కుటుంబం, నీతి విషయాల్లో నిర్ణయం మాది అన్నది. న్యాయస్థానాల స్వతంత్రత విషయంలో అటువంటి మినహాయింపు ఏదీ అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేవారు కారు.

సమాఖ్య ఆ గీతను గౌరవించిందా అన్న ప్రశ్నకు మాల్టా మంచి సమాధానం. పోలండ్‌తో పాటు అదే రోజున చేరిన ఆ చిన్న ద్వీపదేశంలో గర్భస్రావం మీద నిషేధం పోలండ్ కంటే కఠినమైనది. తల్లి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు ఇచ్చే మినహాయింపు సైతం 2023లో గానీ చట్టంలోకి ఎక్కలేదు. అదే మాల్టా 2017లో స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేసింది. ఐర్లాండ్ 2018 ప్రజాభిప్రాయ సేకరణ వరకు గర్భస్రావాన్ని రాజ్యాంగ సవరణ ద్వారానే నిషేధించి ఉంచింది. బల్గేరియా, రుమేనియా, స్లొవేకియాలు స్వలింగ జంటల బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వలేదు. వీటిలో ఏ దేశం మీదా ఆ కారణంతో 7వ అధికరణాన్ని తీయలేదు. నైతిక అభిప్రాయాల్లో ఐరోపా సగటుకు దూరంగా ఉండడమే నేరమైతే, ఆ చర్యకు గురి కావలసిన దేశాలు అరడజనుకు పైగా ఉండేవి.

మరి పోలండ్ మీదే ఎందుకు? 2015 అక్టోబరులో సంప్రదాయవాద లా అండ్ జస్టిస్ పార్టీ (మొరావియెత్స్కి పార్టీ ఇదే) 37.6 శాతం ఓట్లతో, 460 స్థానాలున్న దిగువ సభలో 235 గెలిచి సొంత మెజారిటీ సాధించింది. మొదటి గొడవ రాజ్యాంగ న్యాయస్థానం మీద వచ్చింది. ఈ విషయంలో న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటుంది: దిగిపోతున్న పాత మెజారిటీ తన హద్దు దాటి, పదవీకాలం తర్వాత ఖాళీ అయ్యే రెండు స్థానాలకు కూడా ముందే న్యాయమూర్తులను ఎన్నుకుంది. ఆ ఇద్దరి ఎన్నిక చెల్లదని, మిగిలిన ముగ్గురి ఎన్నిక చెల్లుతుందని రాజ్యాంగ న్యాయస్థానమే తీర్పు ఇచ్చింది. అధ్యక్షుడు ఆంద్రే దుదా ఆ ముగ్గురి చేత కూడా ప్రమాణం చేయించలేదు, కొత్త మెజారిటీ ఎన్నుకున్న వేరేవారి చేత చేయించారు. 2016 మార్చిలో వచ్చిన ప్రతికూల తీర్పును ప్రభుత్వం అధికార గెజిట్‌లో అచ్చు వేయడానికే నిరాకరించింది. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2021 మేలో ఇచ్చిన ఒక తీర్పులో, అలా వచ్చి చేరిన సభ్యుడు కూర్చున్న ధర్మాసనాన్ని చట్టప్రకారం ఏర్పడిన న్యాయస్థానంగా పరిగణించలేమని చెప్పింది.

తర్వాతి వంతు న్యాయమూర్తుల నియామకానిది. పోలండ్‌లో నియామకాలను సిఫారసు చేసే జాతీయ న్యాయ మండలిలో 25 మంది సభ్యులు ఉంటారు, వారిలో 15 మంది న్యాయమూర్తులు. ఆ 15 మందిని అంతవరకు తోటి న్యాయమూర్తులు ఎన్నుకునేవారు. 2017 డిసెంబరు చట్టంతో ఆ అధికారం పార్లమెంటు దిగువ సభకు పోయింది. న్యాయమూర్తులను ఎవరు నియమించాలన్న ప్రశ్న తెలుగు పాఠకులకు కొత్తది కాదు. జాతీయ న్యాయ నియామకాల సంఘాన్ని మన సుప్రీంకోర్టు 2015 అక్టోబరు 16న కొట్టివేసినప్పుడు, అయిదుగురు సభ్యుల ధర్మాసనంలో విభేదించిన ఒకే ఒక న్యాయమూర్తి కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్. నియామకాల్లో న్యాయమూర్తులకే పూర్తి అధికారం ఉండాలా అన్నది నిజాయితీగా విభేదించదగిన ప్రశ్నేనని ఆయన తీర్పు చదివినవారు ఒప్పుకుంటారు. జర్మనీలోనూ నియామకాల్లో రాజకీయ నాయకులకు పాత్ర ఉందని వార్సాలోని ప్రభుత్వం పదే పదే వాదించింది. ఆ వాదన ఒక్కటే అయితే కొంత బలం ఉండేది. అయితే పోలండ్‌లో జరిగింది నియామక పద్ధతి మార్పు మాత్రమే కాదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 70 నుంచి 65కు తగ్గించి, అప్పటికే పదవిలో ఉన్నవారిలో మూడో వంతుకు పైగా ఇంటికి పంపడానికి చట్టం చేశారు. కొత్తగా పెట్టిన క్రమశిక్షణ విభాగానికి, తీర్పులు నచ్చని న్యాయమూర్తుల జీతం కోసి విధుల నుంచి తప్పించే అధికారం ఇచ్చారు. తోటి న్యాయమూర్తి నియామకం సక్రమమా అని ప్రశ్నించడమే క్రమశిక్షణ నేరమయ్యేలా 2020లో ఇంకొక చట్టం తెచ్చారు. ఒక్కో మార్పుకూ ఎక్కడో ఒక దేశంలో పోలిక చూపవచ్చు. అన్నీ కలిసి ఒకే చేతిలోకి వచ్చిన దేశం వేరొకటి చూపడం కష్టం.

సమాఖ్య అత్యున్నత న్యాయస్థానమైన ఐరోపా న్యాయస్థానం 2019 జూన్‌లో పదవీ విరమణ చట్టాన్నీ, 2021 జూలైలో క్రమశిక్షణ వ్యవస్థనూ సమాఖ్య చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆదేశాలు అమలు కానందుకు 2021 అక్టోబరు నుంచి రోజుకు 10 లక్షల యూరోల జరిమానా పడింది, చెల్లించకపోతే ఆ మొత్తాన్ని పోలండ్‌కు రావలసిన నిధుల్లో కోసుకున్నారు. ఈ తీర్పులన్నింటిలో ప్రార్థన గురించి గానీ కుటుంబం గురించి గానీ ఏమీ లేదు. ఒక వ్యాపారికి బకాయి రావాలన్నా, ఒక నిందితుణ్ణి వేరే దేశానికి అప్పగించాలన్నా, ఆ దేశపు న్యాయమూర్తి ఎవరికీ భయపడనివాడై ఉండాలని, అలా లేకపోతే 27 దేశాల ఉమ్మడి చట్టం నడవదని మాత్రమే ఉంది.

ప్రభుత్వం మాత్రం ఈ తగాదాను పోలిష్ కుటుంబ విలువల మీద దాడిగా ప్రజలకు చెప్పింది. 2019 నుంచి సుమారు వంద స్థానిక సంస్థలు, వాటిలో కొన్ని రాష్ట్ర స్థాయి సభలు కూడా, ‘ఎల్జీబీటీ భావజాలాన్ని’ వ్యతిరేకిస్తూ తీర్మానాలు చేశాయి. ఇక్కడ గీత కొంత మసకబారుతుంది. వివాహ చట్టం ఎలా ఉండాలన్నది దేశం ఇష్టం కావచ్చు గానీ, పౌరుల్లో ఒక వర్గాన్ని వేలెత్తి చూపి మీరు ఇక్కడివారు కారన్నట్టు ప్రభుత్వ సంస్థ తీర్మానించడం, వివక్ష ఉండకూడదన్న 2వ అధికరణపు మాటకు నేరుగా తగిలే విషయం. నిధులు ఆగుతాయని కమిషన్ హెచ్చరించాక, 2021 సెప్టెంబరులో మావోపోల్‌స్కా వంటి రాష్ట్ర సభలు ఆ తీర్మానాలను వెనక్కి తీసుకున్నాయి. డబ్బు కోసం మారిన మాటను మనసు మారినట్టు లెక్కించలేము. అయితే ఆ ప్రాంతంలో ఉంటున్న పౌరుడికి, తన ఊరి సభ తనకు వ్యతిరేకంగా తీర్మానం చేసి లేదన్నది చిన్న విషయం కాదు.

ఈ రెండు తగాదాలూ నిజంగా ఒకదానిలో ఒకటి కలిసిపోయిన రోజు 2020 అక్టోబరు 22. అప్పటికి పోలండ్‌లో గర్భస్రావాన్ని నియంత్రించినది 1993 చట్టం. తల్లి ప్రాణానికి గానీ ఆరోగ్యానికి గానీ ముప్పు, అత్యాచారం వంటి నేరం వల్ల వచ్చిన గర్భం, పిండానికి తీవ్రమైన లోపం అన్న మూడు కారణాలకు మాత్రమే అందులో అనుమతి ఉంది. చర్చికీ సమాజానికీ మధ్య కుదిరిన రాజీగా దాన్ని పిలిచేవారు, ఎవరికీ పూర్తిగా నచ్చకపోయినా అది పాతికేళ్ళకు పైగా నిలిచింది. మూడో కారణం చెల్లదని ఆ రోజున తీర్పు చెప్పినది పార్లమెంటు కాదు, సభ్యత్వం మీద వివాదం నడుస్తున్న ఆ రాజ్యాంగ న్యాయస్థానమే. ఏటా వెయ్యికి కాస్త పైగా జరిగే చట్టబద్ధ గర్భస్రావాల్లో దాదాపు అన్నీ ఆ కారణం మీద జరిగేవే కనుక, ఆచరణలో అది నిషేధంతో సమానమైంది. మహమ్మారి నిబంధనలు ఉన్నా లక్షలాది మంది వీధుల్లోకి వచ్చారు. పెద్ద నగరాల్లోనే గాక, ఎప్పుడూ ఊరేగింపు ఎరుగని చిన్న పట్టణాల్లోనూ నిరసనలు జరిగాయి. చట్టాన్ని ఇంకా కఠినం చేయాలని కోరినవారు ఏ సర్వేలోనూ మెజారిటీ కారు.

పోలండ్ ప్రజల విలువలు ఇవి అని ఎవరు, ఏ అధికారంతో చెబుతున్నారు అన్న ప్రశ్న ఇక్కడ అత్యంత పదునుగా ఎదురవుతుంది. ఒక జాతి విలువలు తెలిసేది స్వేచ్ఛగా జరిగే ఎన్నికల వల్ల, భయం లేని పత్రికల వల్ల, ప్రభుత్వం మాట వినని న్యాయస్థానాల వల్ల. ఆ సంస్థలు వంగిపోయిన చోట జాతి విలువల పేరుతో వినిపించేది అధికారంలో ఉన్నవారి ఇష్టమే కావచ్చు, దానికి జాతి సమ్మతి ఉందో లేదో తేల్చే మార్గం మిగలదు. సంప్రదాయవాది అయిన పోలిష్ పౌరుడికి కూడా స్వతంత్ర న్యాయస్థానం అవసరం. రేపు అధికారం మారితే తన చర్చి ఆస్తినీ తన బడినీ కాపాడవలసింది అదే న్యాయస్థానం.

2021 అక్టోబరు 7న రాజ్యాంగ న్యాయస్థానం ఇంకొక అడుగు వేసి, సమాఖ్య ఒప్పందంలోని కొన్ని మౌలిక అధికరణాలకు ఐరోపా న్యాయస్థానం చెబుతున్న అర్థం పోలండ్ రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు ఇచ్చింది. 2020 మేలో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం సైతం ఐరోపా న్యాయస్థానాన్ని ధిక్కరించింది కదా అని వార్సా వాదించింది. నిజమే, ఆ జర్మన్ తీర్పు సమాఖ్యకు చేసిన హాని తక్కువేమీ కాదు. అయితే అది ఐరోపా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోలు అనే ఒక కార్యక్రమానికి పరిమితమైంది, పోలండ్ తీర్పు న్యాయ రక్షణకు ఆధారమైన సూత్రాన్నే కాదన్నది. మూడు రోజుల తర్వాత వార్సాలోనూ ఇంకా ఎన్నో పట్టణాల్లోనూ సమాఖ్య జెండాలు పట్టుకుని జనం గుమిగూడారు. తమ న్యాయస్థానం తీర్పుకు వ్యతిరేకంగా ఒక దేశ ప్రజలు ఐరోపా జెండాతో వీధికెక్కడం అరుదైన దృశ్యం.

సంఘీభావం విషయంలో లెక్క మరింత చిక్కుగా ఉంటుంది. 2015లో ఇటలీ, గ్రీసులకు చేరిన శరణార్థులను దేశాలు పంచుకోవాలన్న నిర్ణయాన్ని పోలండ్ అమలు చేయలేదు, అది ఉల్లంఘనేనని 2020 ఏప్రిల్‌లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. 2021లో బెలారస్ కావాలని వలసదారులను సరిహద్దుకు తోలినప్పుడు పోలండ్ 186 కిలోమీటర్ల ఉక్కు కంచె కట్టింది. అదే పోలండ్ 2022 ఫిబ్రవరి తర్వాత ఉక్రెయిన్ నుంచి వచ్చిన లక్షల మందికి శిబిరాలు కట్టే అవసరం లేకుండా ఇళ్ళలోనే చోటిచ్చింది. ఆ మొదటి వారాల్లో సాధారణ పోలిష్ కుటుంబాలు చేసిన పనికి సమానమైనది సంపన్న పశ్చిమ ఐరోపా చరిత్రలో వెతికినా తేలిగ్గా దొరకదు. ఇక 2025 మార్చిలో బెలారస్ సరిహద్దు వద్ద ఆశ్రయం కోరే హక్కును తాత్కాలికంగా నిలిపివేసినది ఐరోపా అనుకూల ప్రభుత్వంగా పేరున్న డొనాల్డ్ టస్క్ ప్రభుత్వమే. ఈ విషయంలో పోలండ్ ఒంటరి కూడా కాదు, ఆశ్రయ హక్కు పట్ల నిబద్ధత సమాఖ్య అంతటా సడలుతోంది.

సర్వేలు చూపే పోలండ్ సైతం నిలకడగా లేదు. 2011 జనగణనలో 87 శాతానికి పైగా ప్రజలు తాము కాథలిక్కులమని చెప్పారు. 2021లో ఆ సంఖ్య 71 శాతానికి పడింది, ఐదో వంతు మంది సమాధానమే ఇవ్వలేదు. చర్చి తానే వేసిన లెక్కల ప్రకారం ఆదివారం పూజకు హాజరయ్యేవారు 2019లో 37 శాతం దగ్గర ఉంటే 2022 నాటికి 30 శాతం లోపుకు వచ్చారు. పాలక పార్టీతో మతగురువుల సాన్నిహిత్యం, పిల్లలపై జరిగిన లైంగిక అకృత్యాలను కప్పిపుచ్చిన తీరు బయటపడడం యువతను దూరం చేశాయి. పరాయి పాలనలు 150 ఏళ్ళకు పైగా ప్రయత్నించి చేయలేకపోయిన పనిని, అధికారంతో చేసిన స్నేహం కొన్నేళ్ళలో చేసింది.

2023 అక్టోబరు 15 ఎన్నికల్లో 74 శాతానికి పైగా ఓటర్లు పాల్గొన్నారు, 1989 తర్వాత అంత పోలింగ్ ఎన్నడూ లేదు. లా అండ్ జస్టిస్ 194 స్థానాలతో అతిపెద్ద పార్టీగా నిలిచినా, 248 స్థానాలు గెలిచిన మూడు ప్రతిపక్ష కూటములు కలిసి టస్క్ నాయకత్వంలో ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. 2024 మే నెలాఖరులో కమిషన్ 7వ అధికరణ చర్యను ముగించింది. అంతటితో పోలండ్ నెదర్లాండ్స్ కాలేదు. ఆ జూలైలో, గర్భస్రావానికి సహాయం చేసినవారికి శిక్ష తొలగించే బిల్లు కొత్త మెజారిటీ ఉన్న అదే సభలో అనుకూలంగా 215, వ్యతిరేకంగా 218 ఓట్లతో వీగిపోయింది, ఎందుకంటే పాలక కూటమిలోని రైతు పార్టీ సభ్యుల్లో చాలామంది సంప్రదాయవాదులు. న్యాయస్థానాల మీద ఒకటిగా నిలిచినవారు గర్భస్రావం మీద రెండుగా చీలారు. విభేదాన్ని పార్లమెంటులో ఓటుతో తేల్చుకున్న ఆ చీలికను ఏ ఐరోపా సంస్థా తప్పు పట్టలేదు.

న్యాయ వ్యవస్థను తిరిగి నిలబెట్టడం మాత్రం అనుకున్నదానికన్నా కష్టంగా ఉంది. 2025 జూన్ 1 అధ్యక్ష ఎన్నికల్లో లా అండ్ జస్టిస్ బలపరచిన కరోల్ నవ్రోత్స్కి 50.9 శాతం ఓట్లతో గెలిచారు. ఆయన చేతిలోని వీటో అధికారాన్ని దాటే బలం టస్క్ కూటమికి లేదు. 2018 తర్వాత మారిన జాతీయ న్యాయ మండలి సిఫారసుతో నియమితులైన న్యాయమూర్తులు రెండు వేలకు పైగా ఉన్నారు. వారందరినీ ఒక్కసారిగా తొలగిస్తే అది తొలగించినవారి చట్టబద్ధతనే ప్రశ్నార్థకం చేస్తుంది, అలాగే ఉంచితే వారిచ్చే ప్రతి తీర్పు మీదా అనుమానం నిలిచిపోతుంది. విడాకుల తీర్పులు, ఆస్తి తగాదాల తీర్పులు, జైలు శిక్షలు లక్షల సంఖ్యలో ఇప్పటికే వారి చేతుల మీదుగా వెలువడ్డాయి.

ఈలోగా 2025 నవంబరులో ఐరోపా న్యాయస్థానం, బెర్లిన్‌లో వివాహం చేసుకున్న ఇద్దరు పురుషుల కేసులో తీర్పు ఇచ్చింది. వారి వివాహాన్ని నమోదు చేయడానికి పోలండ్ అధికారులు నిరాకరించారు. స్వలింగ వివాహాన్ని తన చట్టంలో పెట్టుకోవాలని పోలండ్‌ను బలవంతం చేయడం లేదని న్యాయస్థానం స్పష్టంగా చెప్పింది. సమాఖ్యలో ఎక్కడికైనా వెళ్ళి జీవించే హక్కు ఉన్న పౌరులు ఇంకొక సభ్యదేశంలో చట్టప్రకారం చేసుకున్న వివాహాన్ని మాత్రం గుర్తించక తప్పదన్నది. 2007లో పోలండ్ గీసిన గీత అలాగే ఉంది, దాని మీదుగా మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆ తీర్పును అమలు చేయవలసింది పోలండ్ పురపాలక కార్యాలయాల్లోని నమోదు అధికారులు, వారు నిరాకరిస్తే విచారించవలసింది ఎవరు సక్రమ న్యాయమూర్తో ఇంకా తేలని ఆ దేశపు న్యాయస్థానాలు.